‘అర్థమైందా?’ అని అడగకుండా అర్థమైందో లేదో తెలుసుకోవడం ఎలా?

పాఠం ముగించి, సుద్దముక్క బల్ల మీద పెట్టి, తరగతి వైపు తిరిగి “అర్థమైందా?” అని అడుగుతాం. “అర్థమైంది టీచర్!” అని నలభై గొంతులు ఒక్కసారిగా పలుకుతాయి. పది రోజుల తరవాత పేపర్లు దిద్దుతుంటే సగం మందికి అసలు విషయమే అందలేదని బయటపడుతుంది. అప్పటికి మనం రెండు పాఠాలు ముందుకు వెళ్ళిపోయి ఉంటాం.

స్కూలు కాంప్లెక్స్ సమావేశాల్లో కలిసినప్పుడల్లా తోటి ఉపాధ్యాయులు, ముఖ్యంగా కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళు, నన్ను ఇదే అడుగుతున్నారు: పాఠం నడుస్తుండగానే ఎవరికి వచ్చిందో, ఎవరికి రాలేదో తెలుసుకునే మార్గం ఉందా అని. ఉంది. ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతూ నేను వాడుతున్న పద్ధతులను, చేసిన పొరపాట్లతో సహా, ఇక్కడ వరసగా రాస్తున్నాను. సైన్సు, తెలుగు, సాంఘిక శాస్త్రం చెప్పేవారికీ ఇవే పనికొస్తాయి.

ముందుగా ఒక మాట. పిల్లలు మనతో అబద్ధం చెబుతున్నారని అనుకోకండి. ముందు బెంచీల్లో నలుగురైదుగురు గట్టిగా అంటారు, మిగతావాళ్ళ గొంతు అందులో కలిసిపోతుంది. కొందరు నిజంగానే అర్థమైందనుకుంటారు. బోర్డు మీద మనం చేస్తున్నంతసేపూ ఏ లెక్కయినా తేలిగ్గానే కనిపిస్తుంది. ఇంకొందరు మనల్ని నొప్పించడం ఇష్టం లేక అంటారు. అందుకే ఆ ప్రశ్ననే మానేయాలి.

దాని స్థానంలో ఏ పద్ధతి తెచ్చుకున్నా నాలుగు షరతులు చూసుకోండి. ప్రతి ఒక్కరూ జవాబివ్వాలి. అందరూ ఒకేసారి ఇవ్వాలి. పక్కవారిది చూడకుండా ఇవ్వాలి. ఆ జవాబులన్నీ మీకు ఒక్క చూపులో కనబడాలి. చేతులెత్తించి ఒకరిని లేపడం మొదటి షరతు దగ్గరే వీగిపోతుంది. “అర్థమైనవాళ్ళు బొటనవేలు పైకి చూపండి” అనడం కూడా “అర్థమైందా?” అనడమే, నోటికి బదులు వేలు వచ్చింది, అంతే.

కావలసినవి

• పాత పెళ్ళి శుభలేఖలు, చార్టు ముక్కలు లేదా ఏదైనా మందపాటి అట్ట. ఒక్కొక్కరికి అరచేతికి కాస్త పెద్దవిగా నాలుగు ముక్కలు, ఎ, బి, సి, డి జవాబుల్లో తమది ఎత్తి చూపడానికి.
• స్కెచ్ పెన్నులు, జిగురు, పాత దినపత్రికలు, దారం.
• పలకలు, సుద్దముక్కలు, తుడవడానికి గుడ్డపీలికలు.
• వాడేసిన నోటుపుస్తకాల్లో మిగిలిన తెల్లకాగితాలు, నాలుగు ముక్కలుగా చింపినవి.
• ప్లిక్కర్స్ (పిల్లలు ఎత్తిన కార్డులను ఫోను కెమెరాతో చదివే యాప్) వాడదలచుకుంటే కెమెరా, నెట్ ఉన్న ఒక ఫోను, ప్రింటు తీయించిన కార్డులు. ఫోను మీ ఒక్కరికే చాలు, పిల్లలకు అక్కరలేదు.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. మొదటి నెల అట్టలు మాత్రమే వాడండి. అవి అలవాటయ్యాక పలకలు, ఆ తరవాత మీ బడిలో సిగ్నల్ ఉంటే ప్లిక్కర్స్.

1. ప్రశ్న ముందురోజు రాత్రే తయారు చేసుకోండి

ఈ వ్యాసంలో మీరు ఒక్క భాగమే చదవగలిగితే ఇదే చదవండి. అట్టలు ఎంత అందంగా చేసినా ప్రశ్న సరిగా లేకపోతే శ్రమంతా వృథా. తప్పు జవాబులను ఏదో నింపాలి కదా అని నింపకూడదు. పిల్లవాడు ఫలానా తప్పు ఆలోచన చేస్తే ఫలానా జవాబే వస్తుంది అన్నట్టు ప్రతి తప్పు జవాబునూ రాసుకోవాలి. అప్పుడు ఏ అట్ట లేచిందో చూస్తే చాలు, ఆ పిల్లవాడు ఎక్కడ తప్పిపోయాడో తెలిసిపోతుంది.

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. దశాంశాలు చెప్పిన రోజు నేను మొదట్లో ఇలా అడిగేదాన్ని: 0.7, 0.35, 0.125 లలో ఏది పెద్దది? చాలామంది 0.7 అని సరిగ్గానే చూపేవారు. సంతోషించి ముందుకు పోయేదాన్ని. ఒకరోజు సరైన అట్ట ఎత్తిన అమ్మాయిని ఎలా చెప్పావమ్మా అని అడిగితే, “పాయింటు తరవాత తక్కువ అంకెలు ఉంటే పెద్దది టీచర్, పదో వంతులు వెయ్యో వంతుల కంటే పెద్దవి కదా” అంది. జవాబు ఒప్పు, ఆలోచన తప్పు. నా ప్రశ్న ఆ తప్పును దాచిపెట్టింది.

అప్పటి నుంచి ఇలా అడుగుతున్నాను. వీటిలో ఏది పెద్దది?

ఎ) 0.3 బి) 0.38 సి) 0.299 డి) అన్నీ సమానం

సరైనది 0.38. పొట్టి సంఖ్యే పెద్దది అనుకునేవారు 0.3 చూపుతారు. అంకెలు ఎక్కువుంటే పెద్దది అనుకునేవారు 0.299 చూపుతారు, ఎందుకంటే వాళ్ళ కంటికి అది రెండువందల తొంభై తొమ్మిది. రెండు తప్పులూ రెండు వేర్వేరు అట్టలుగా లేస్తాయి. మొదటిసారి ఈ ప్రశ్న వేసిన రోజు నా ఏడో తరగతిలో ‘సి’ అట్టలే ఎక్కువ లేచాయి. కారణం వెతికితే నా నోట్లోనే దొరికింది. 0.35 ను నేను “సున్నా పాయింట్ ముప్పై అయిదు” అని చదువుతున్నాను! ముప్పై అయిదు, ఏడు అని చెవిన పడితే ఏది పెద్దదని తోస్తుంది? ఆ రోజు నుంచి “సున్నా పాయింట్ మూడు, అయిదు” అని విడివిడిగా చదవడం, చదివించడం అలవాటు చేశాను. మీరూ అలాగే చదవండి.

ఇంకొన్ని నమూనాలు ఇస్తాను, మీ పాఠానికి తగ్గట్టు మలచుకోండి.

1/2 + 1/3 ఎంత? ఎ) 2/5 బి) 5/6 సి) 2/6 డి) 1/6. ‘ఎ’ చూపినవారు లవానికి లవం, హారానికి హారం కూడారు. ‘సి’ చూపినవారు క.సా.గు. కనుక్కుని హారం మార్చారు, లవాన్ని మార్చడం మరిచారు. ‘డి’ అంటే కూడిక బదులు గుణకారం చేశారు. ‘ఎ’ వాళ్ళకు పాఠం మొదటి నుంచి చెప్పాలి. ‘సి’ వాళ్ళకు ఒక్క మెట్టు చూపిస్తే చాలు. అందరికీ ఒకే మందు వేస్తే ఇద్దరికీ తగలదు.

సైన్సులో: చిన్న గింజ మొలిచి పెద్ద చెట్టయింది. ఆ చెట్టు ఎండిన కలపలో ఉన్న పదార్థం ఎక్కువగా ఎక్కడి నుంచి వచ్చింది? ఎ) నేల బి) నీరు సి) గాలి డి) ఎండ. కిరణజన్య సంయోగక్రియ నిర్వచనం గడగడా అప్పజెప్పే పిల్లలు కూడా దీనికి ‘ఎ’ చూపుతారు. గాలిలోని కార్బన్ డయాక్సైడే కలపగా మారిందన్న సంగతి నిర్వచనంలో ఉంది, మనసులోకి వెళ్ళలేదు.

తెలుగులో: ‘మహేశ్వరుడు’ విడదీస్తే? ఎ) మహే + ఈశ్వరుడు బి) మహా + ఈశ్వరుడు సి) మహా + ఏశ్వరుడు డి) మహి + ఈశ్వరుడు. ‘ఎ’, ‘సి’ చూపినవారు కలిసిన తరవాత వినబడే ‘ఏ’ ధ్వనిని ఏదో ఒక పదంలో వెతుకుతున్నారు. అంటే ఆ, ఈ కలిసి మూడో అచ్చు పుడుతుందన్న గుణసంధి మూలమే అందలేదు. ‘గుణసంధి సూత్రం చెప్పు’ అని అడిగితే మాత్రం వీళ్ళే తప్పు లేకుండా చెప్పేస్తారు.

తప్పు జవాబులు ఊహించలేకపోతున్నారా? పోయినేడాది జవాబు పత్రాలు ముందేసుకోండి. పిల్లలు మళ్ళీ మళ్ళీ చేసిన తప్పులన్నీ అక్కడే ఉంటాయి.

హెచ్చరిక: ఒక పీరియడ్‌కు రెండు ప్రశ్నలు, మహా అయితే మూడు. పది ప్రశ్నలు వేస్తే అది పరీక్ష అవుతుంది, మీకు పాఠం మార్చుకునే వ్యవధి మిగలదు.

2. అట్టలు చేయండి

ఒక్కొక్కరికి నాలుగు ముక్కలు. ముందువైపు పెద్ద అక్షరం ఎ, బి, సి, డి, ఒక్కో అక్షరానికి ఒక్కో రంగు. రంగు ఉంటే మీకు దూరం నుంచి తేలిగ్గా తెలుస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ రెండూ కలిపి వాడకండి. ఆ రెండింటికీ తేడా తెలియని పిల్లలు, ముఖ్యంగా మగపిల్లలు, తరగతిలో ఉండవచ్చు. ఎరుపు, నీలం, పసుపు, తెలుపు సరిపోతాయి.

వెనకవైపు మాత్రం అన్ని ముక్కలూ ఒకేలా ఉండాలి. పాత దినపత్రిక అంటించేయండి. ఈ ఒక్కటి మరచిపోయినందుకు నేను ముప్పై ఎనిమిది మంది అట్టలూ మళ్ళీ చేయించవలసి వచ్చింది. స్కెచ్ పెన్ను రంగు వెనక్కి ఊరి, వెనక బెంచీవాళ్ళు ముందువాళ్ళ జవాబు చూసి తమది ఎంచుకునేవారు.

నాలుగింటికీ మూల దగ్గర చిల్లు పెట్టి దారంతో కట్టండి. పిల్లల చేతే చేయించండి, తాము చేసిన వస్తువును వాళ్ళు జాగ్రత్తగా చూసుకుంటారు. ఇళ్ళకు పంపకండి, మరుసటి రోజు సగమే తిరిగొస్తాయి. బెంచీల వరసకు ఒక కట్టగా డబ్బాలో పెట్టి తరగతిలోనే ఉంచండి.

అట్టలు చేసే వీలు లేకపోతే వేళ్ళు ఉండనే ఉన్నాయి. ఒక వేలు ‘ఎ’, రెండు ‘బి’, ఇలా. గుండెకు ఆనించి చూపమనాలి, తలపైకి ఎత్తనివ్వకూడదు. ఖర్చు లేదు, ఈ పూటే మొదలుపెట్టవచ్చు. అయితే 40 మంది వేళ్ళను లెక్కబెట్టడం అట్టలంత తేలిక కాదు.

3. చూపించే క్రమం నేర్పండి

దీనికి ఒక రోజు కేటాయించండి. పాఠంతో సంబంధం లేని ప్రశ్నతో అలవాటు చేయించవచ్చు: మామిడి పండ్లలో మీకు ఏది ఇష్టం, బంగినపల్లి, రసాలు, తోతాపురి, చెరకురసం? క్రమం ఇది.

• ప్రశ్న బోర్డు మీద రాయండి, ఒకసారి చదవండి. ఆ తరవాత ఎవరూ నోరు విప్పకూడదు, మీతో సహా.
• మనసులో పదిహేను లెక్కపెట్టండి. లెక్క చేయవలసిన ప్రశ్నయితే ఒక నిమిషం ఇవ్వండి.
• “పట్టుకోండి” అంటే ఎంచుకున్న అట్టను బోర్లా, గుండెకు ఆనించి పట్టుకోవాలి.
• “చూపండి” అంటే అందరూ ఒక్కసారిగా గడ్డం కింద వరకు ఎత్తాలి.
• “దించండి” అనేవరకు దించకూడదు.

రెండో మెట్టు దగ్గర మనమే ఓడిపోతాం. మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు 1970లలో తరగతి గదుల సంభాషణలను రికార్డు చేసి చూస్తే, ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. మూడు సెకన్లకు పైగా ఆగిన చోట పిల్లల జవాబులు పెరిగాయి, నిడివీ పెరిగింది. ఆ నిశ్శబ్దం మొదట మనకు చాలా ఇబ్బందిగా ఉంటుంది. కిటికీలోంచి బయటికి చూడండి, కానీ ఆగండి.

మధ్యలో ఎవరైనా జవాబు పైకి చెప్పేస్తే? కోప్పడకండి. “మంచిది, ఇంకో ప్రశ్న” అని అంకెలు మార్చి కొత్తది రాయండి. చెప్పేసిన ప్రశ్నతో కొనసాగిస్తే వచ్చే జవాబులన్నీ ఆ పిల్లవాడివే.

4. అట్టలను చదవండి

అందరూ ఎత్తగానే మీ కళ్ళు ముందు మొదటి వరస మీదకే పోతాయి. వెనక వరస నుంచి మొదలుపెట్టి ఒక్కో వరసా చూస్తూ ముందుకు రండి. రంగులు చూస్తే దామాషా తెలిసిపోతుంది. ఒక్కొక్కటీ లెక్కపెట్టనక్కరలేదు.

లేచిన అట్టలకన్నా లేచిన తీరు ఎక్కువ చెబుతుంది. మూడో బెంచీలో చివర కూర్చునే ఒక అమ్మాయి ఎప్పుడూ సరైన అట్టే చూపేది. ఒకరోజు ఆమెనే గమనిస్తూ నిలబడ్డాను. “చూపండి” అన్నాక చేయి సగం వరకు లేచి ఆగింది. కళ్ళు ఎడమవైపు నేస్తం అట్ట మీదికి ఒక్కసారి పోయి వచ్చాయి. బొటనవేలితో ‘సి’ ని వెనక్కి నెట్టి ‘బి’ ని ముందుకు తెచ్చింది. అంతా ఒక్క సెకనులో జరిగింది. ఎన్ని వారాలుగా ఆ పిల్ల నాకు తెలియకుండా వెనకబడి ఉందో తలచుకుంటే మనసు చివుక్కుమంది. ఆలస్యంగా లేచే అట్టను తప్పు జవాబుగానే లెక్కలోకి తీసుకోండి. ఆ పిల్లలను నలుగురిలో మందలించకండి. మర్నాడు వాళ్ళ బెంచీ పక్కన నిలబడి అదే రకం ప్రశ్న మెల్లగా అడగండి.

మీ ముఖాన్ని కూడా అదుపులో పెట్టుకోండి. సరైన అట్టలు చూసి నవ్వినా, “శభాష్” అన్నా మిగతావాళ్ళు తమ అట్ట మార్చేస్తారు. అన్ని అట్టలనూ ఒకేలా చూసి “దించండి” అనండి. ఏది ఒప్పో వెంటనే చెప్పకండి.

5. ఏం చేయాలో అక్కడికక్కడే నిర్ణయించండి

హార్వర్డ్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజూర్ 1990ల మొదటి నుంచీ తన తరగతుల్లో ఇలాగే ప్రశ్న వేసి, విద్యార్థుల చేత పక్కవారితో చర్చింపజేసి, మళ్ళీ జవాబు తీసుకునే పద్ధతిని వాడారు. దాదాపు ఆయన గీసిన గీతలనే నేనూ పాటిస్తాను. 40 మంది తరగతికి లెక్క ఇలా ఉంటుంది.

• 12 మంది కంటే తక్కువ ఒప్పు చూపితే (30 శాతం లోపు): చర్చ పెట్టకండి, తెలియనివాళ్ళే తెలియనివాళ్ళకు చెప్పినట్టవుతుంది. పాఠాన్ని వేరే దారిలో, వేరే ఉదాహరణతో మళ్ళీ చెప్పండి. అవే మాటలు గొంతు పెంచి చెబితే ఉపయోగం లేదు.
• 12 నుంచి 28 మంది చూపితే: రెండు నిమిషాలు చర్చకు వదలండి. “నీకంటే వేరే అట్ట చూపినవారిని వెతుక్కుని, నీది ఎందుకు ఒప్పో వాళ్ళను ఒప్పించు” అనండి. తరవాత అదే ప్రశ్నకు మళ్ళీ అట్టలు ఎత్తించండి.
• 28 మంది దాటితే: ఒప్పు చూపిన ఒకరి చేత, తప్పు చూపిన ఒకరి చేత కారణాలు చెప్పించి ముందుకు సాగండి. మిగిలినవారి రోల్ నంబర్లు మాత్రం రాసి పెట్టుకోండి.

అన్నిటికంటే ఫలితమిచ్చేది మధ్య గీత, అంటే 12 నుంచి 28 మంది ఒప్పు చూపినప్పుడు పెట్టే చర్చ. నేను పావుగంట చెప్పినా ఎక్కనిది పక్క పిల్ల రెండు మాటల్లో చెబితే ఎక్కడం నేను చాలాసార్లు చూశాను. చర్చ నడుస్తుండగా మీరు మాట్లాడకండి, బెంచీల మధ్య తిరుగుతూ వినండి. రేపటి ప్రశ్నకు కావలసిన తప్పు జవాబులు మీకు అక్కడే దొరుకుతాయి.

నాలుగు అట్టలూ దాదాపు సమానంగా, పదేసి చొప్పున లేచాయంటే తరగతి ఊహతో చూపుతోందని అర్థం. అప్పుడు ఆ పది ఒప్పు జవాబులను కూడా నమ్మవద్దు. ప్రశ్న భాష పిల్లలకు అర్థమైందో లేదో ముందు చూసుకోండి. ఇంగ్లిషు మాధ్యమంలో చదువుతున్న పిల్లలతో ఇది తరచూ జరుగుతుంది. ప్రశ్నను తెలుగులో మళ్ళీ చదివితే జవాబులు మారిపోతాయి. అంటే వాళ్ళకు అడ్డుపడింది భాషే, లెక్క వాళ్ళకు వచ్చు.

6. అట్టలకు లొంగని వాటికి పలకలు

సమీకరణం సాధన, వాక్యం రాయడం, పటం గీయడం, భాగాలు గుర్తించడం, వీటికి నాలుగు జవాబులు ముందే ఇచ్చేస్తే పిల్లల పని మనమే చేసినట్టు. ఇక్కడ పలకలు కావాలి. మార్కాపురం పలకల మీద దిద్దిన తరం మనది. ప్రాథమిక తరగతులతో పలకను వదిలేయడం మనం చేసిన తొందరపాటు అని నా నమ్మకం. తొమ్మిదో తరగతి పిల్లలు మొదటి రోజు పలక చూసి చిన్నబుచ్చుకుంటారు. వారం తిరిగేసరికి వాళ్ళే అడుగుతారు. నోటుపుస్తకంలో తప్పు రాస్తే ఉండిపోతుంది, పలక మీద తుడిస్తే పోతుంది. ఆ ధైర్యంతో రాయని పిల్లలు కూడా రాస్తారు.

పలకలు లేకపోతే పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ ఫైలు కవరులో తెల్లకాగితం పెట్టి ఇవ్వండి. వైట్‌బోర్డు మార్కరుతో రాసి గుడ్డతో తుడవచ్చు. పర్మనెంట్ మార్కరు పొరపాటున కూడా ఇవ్వకండి.

క్రమం అట్టల క్రమమే: రాయాలి, బోర్లా పెట్టాలి, ఒకేసారి చూపాలి. రెండు జాగ్రత్తలు అదనం. ఒకటి, జవాబు పెద్దగా, ఒకే వరసలో రాయమనండి, చివరి బెంచీ పలక మీకు కనబడాలి. రెండు, పొడవైన లెక్కయితే మొత్తం అడగకండి. “ఇక్కడి నుంచి తరవాతి మెట్టు ఒక్కటే రాయండి” అనండి. 3x + 7 = 22 అయితే తరవాతి మెట్టుగా 3x = 29 అని రాసిన పలకలు ఎన్ని ఉన్నాయో చూస్తే పక్షం మార్చినప్పుడు గుర్తు మార్చని వాళ్ళెవరో ఇట్టే తేలుతుంది.

7. ప్లిక్కర్స్: పిల్లలకు కాగితం, మీకు ఫోను

పేపర్, క్లిక్కర్ అనే రెండు మాటల కలయిక ఈ పేరు. ఒక్కో కార్డు మీద నలుపు తెలుపు గళ్ళ గుర్తు, ఒక సంఖ్య ఉంటాయి. నాలుగు అంచుల దగ్గర ఎ, బి, సి, డి అక్షరాలు చిన్నగా ఉంటాయి. పిల్లలు తమ జవాబు అక్షరం పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకుంటారు. మీరు ఫోను కెమెరాను తరగతి మీదుగా తిప్పితే ఎవరు ఏ జవాబిచ్చారో నమోదవుతుంది. ఒక్కో కార్డు గుర్తు వేరు కనుక పక్కవారి కార్డు చూసి కాపీ కొట్టడం కష్టం. అట్టలకు లేని సుగుణం ఇది.

• ప్లిక్కర్స్ వెబ్‌సైటులో ఖాతా తెరవండి. కార్డులు అక్కడే ఉచితంగా దొరుకుతాయి. మామూలు సెట్‌లో 40 కార్డులు, పెద్ద సెట్‌లో 63 ఉంటాయి.
• మందపాటి కాగితం మీద ప్రింటు తీయించండి. మెరిసే లామినేషన్ చేయించకండి, వెలుతురు పడి కెమెరా చదవలేదు. పాత అట్టకు అంటిస్తే చాలు.
• తరగతిని చేర్చి, కార్డు సంఖ్య రోల్ నంబరు ఒకటే అయ్యేలా ఇవ్వండి. పిల్లల పూర్తి పేర్లు ఎక్కించకండి, రోల్ నంబరో పొడి అక్షరాలో పెట్టండి. పిల్లల వివరాలు బయటి సర్వర్లలో ఉంచడం అనవసరం.
• అవే కార్డులను అన్ని తరగతులకూ వాడుకోవచ్చు. 12వ కార్డు ఆరో తరగతిలో ఒకరిది, ఎనిమిదిలో మరొకరిది.
• ప్రశ్నలు ముందురోజే ఎక్కించుకోండి. ఉచిత ఖాతాలో ఒక సెట్‌లో పెట్టగల ప్రశ్నలకు పరిమితి ఉంది. మనకు కావలసింది రెండు మూడే కనుక అడ్డు కాదు.

కెమెరా చదవడం లేదంటే కారణం దాదాపు ఎప్పుడూ ఈ మూడింటిలో ఒకటి: పిల్లల వేళ్ళు గళ్ళ గుర్తును కప్పేస్తున్నాయి, కార్డు వంగింది, లేదా వాళ్ళ వెనక కిటికీ ఉండి మీకు ఎదురు వెలుగు పడుతోంది. అంచులు పట్టుకోమనండి, మీరు నిలబడే చోటు మార్చండి. ఫోనును నెమ్మదిగా తిప్పండి.

గదిలో ఐఎఫ్‌పీ ప్యానెల్ (గోడకు బిగించిన పెద్ద డిజిటల్ తెర) ఉంటే ఫలితాలను పిల్లలకు చూపించాలనిపిస్తుంది. ఎన్ని ‘ఎ’లు, ఎన్ని ‘బి’లు అన్న పట్టీ వరకే చూపండి. ఎవరి పేరు పక్కన ఎర్ర గుర్తు పడిందో తెర మీద కనబడితే మర్నాటి నుంచి ఆ పిల్లవాడు కార్డు ఎత్తడు. సిగ్నల్ సరిగా అందని బడుల్లో దీని జోలికి పోకండి. పీరియడ్ మొత్తం ఫోనుతో కుస్తీకే సరిపోతుంది.

8. గంట కొట్టే ముందు చీటీ

పీరియడ్ చివరి అయిదు నిమిషాలు. కాగితపు ముక్క మీద రోల్ నంబరు, ఒకే ఒక ప్రశ్నకు జవాబు. “ఈ రోజు ఏం నేర్చుకున్నావు?” అని అడగకండి, పాఠం పేరు రాసి ఇస్తారు. “2/5 + 1/5 చేసేటప్పుడు హారాలను ఎందుకు కూడకూడదు? ఒక వాక్యంలో రాయి” లాంటిది అడగండి.

చీటీలను దిద్దకండి, మార్కులు వేయకండి. చదువుతూ మూడు కుప్పలుగా వేయండి: వచ్చింది, సగం వచ్చింది, రాలేదు. నలభై చీటీలకు ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. మరుసటి రోజు పాఠాన్ని ఆ మూడో కుప్పతో మొదలుపెట్టండి. మొదలుపెట్టకపోతే చీటీలు రాయించడం మానేయండి. తాము రాసింది ఎవరూ చదవడం లేదని పిల్లలు వారంలో కనిపెడతారు.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

మార్కులకు ముడిపెట్టడం అన్నిటికంటే పెద్దది. ఎఫ్‌ఏ (నిర్మాణాత్మక మూల్యాంకనం) మార్కుల నమోదుకు ఈ జవాబులు పనికొస్తాయి కదా అని కొందరు అడిగారు. దయచేసి ఆ పని చేయకండి. మార్కు అనగానే పిల్లలు తమకు తెలిసింది చూపడం మాని, ఒప్పయ్యేది చూపడం మొదలుపెడతారు. మీకు కావలసిన సమాచారం ఆ రోజుతో పోతుంది.

తప్పు అట్ట ఎత్తినవారిని నిలబెట్టడం దీనికి తోడబుట్టినదే. తప్పు చూపినవారికి నేను “నీ వల్ల ఇవాళ అందరం ఒక సంగతి నేర్చుకున్నాం” అని చెబుతాను. 0.299 చూపిన పిల్లలు లేకపోతే నేను దశాంశాలు చదివే తీరు మార్చుకునేదాన్నే కాదు.

తేలికైన ప్రశ్నలు వేసి అందరూ ఒప్పు చూపితే మురిసిపోవడం ఇంకొకటి. వారంలో ఒక్కసారైనా మధ్య గీతలోకి వచ్చే ప్రశ్న పడకపోతే మీ ప్రశ్నలు మరీ తేలిగ్గా ఉన్నాయని గ్రహించండి. పాఠమంతా అయ్యాకే అడగడం కూడా తప్పే. మధ్యలో అడిగితేనే దారి మార్చుకునే వీలుంటుంది.

నిజంగా పనిచేస్తోందా? ఇలా చూసుకోండి

• చర్చ తరవాత రెండోసారి ఎత్తించినప్పుడు ఒప్పు అట్టలు పెరగాలి. పెరగకపోతే చర్చ కబుర్లలోకి పోయింది, లేదా బాగా చదివే పిల్ల చెప్పిందని అందరూ తలూపారు.
• ఒప్పు చూపిన ముగ్గురిని ఎంచుకుని “ఎందుకు?” అని అడగండి. ముగ్గురిలో ఇద్దరు కారణం చెప్పలేకపోతే ఆ ఒప్పులు ఊహలే. ఎప్పుడూ లేచే ముగ్గురిని కాకుండా, రోల్ నంబరు చీటీలు డబ్బాలో వేసి తీయండి.
• వారం తరవాత అదే విషయాన్ని వేరే రూపంలో అడగండి. 0.3, 0.38, 0.299 బదులు 1.4, 1.46, 1.399 మీటర్ల తాళ్ళలో ఏది పొడవు అని. పాత ఒప్పులు నిలిచాయో లేదో తేలుతుంది.
• మీ నోటుపుస్తకంలో రోజుకు ఒక్క వరస రాసుకోండి: ప్రశ్న, ఏ అట్టలు ఎన్ని, మీరు ఏం మార్చారు. మూడో గడి వారం పాటు ఖాళీగా ఉంటే మీరు అట్టలు ఎత్తిస్తున్నారు గానీ వాటి మాట వినడం లేదు.

ఏకోపాధ్యాయ పాఠశాలలో, రెండు మూడు తరగతులు ఒకే గదిలో ఉన్నచోట ఎలా అని చాలామంది అడుగుతారు. అక్కడ అట్టల కంటే పలకలే మేలు. బోర్డును నిలువు గీతలతో పంచి, తరగతికొక ప్రశ్న రాయండి. మూడో తరగతికి 34 + 28, నాలుగుకు 304 − 128, అయిదుకు 34 × 12. అందరూ ఒకేసారి రాస్తారు. చూపించేటప్పుడు మాత్రం “మూడో తరగతి చూపండి” అని ఒక్కో తరగతినీ పిలవండి. మిగతావాళ్ళు పలక బోర్లా పెట్టుకుని ఉంటారు. మూడో తరగతి పలకల్లో 512 కనబడితే, ఆ పిల్లలు ఒకట్లలో వచ్చిన పన్నెండును అలాగే పక్కన రాసేశారని తెలుస్తుంది. అప్పుడు అయిదో తరగతిలో సరిగ్గా చేసిన ఒకరిని వాళ్ళ పక్కన కూర్చోబెట్టి, పుల్లల కట్టలు చేతికిచ్చి, మీరు నాలుగో తరగతి వైపు వెళ్ళవచ్చు.